బోరు నుంచి బాత్‌రూమ్ దాకా: ఇంట్లో ఏ పైపు ఎక్కడ వేయించాలి?

ఇల్లు కట్టేవాళ్లకు గోడలు లేచి ప్లాస్టరింగ్ దగ్గరికి వచ్చేసరికి పైపుల టెన్షన్ మొదలవుతుంది. ప్లంబర్ ఒక లిస్టు రాసిస్తాడు. షాపులో ఇంకో రకం మంచిదంటారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "ప్లాస్టిక్ పైపులు ఎన్నాళ్లుంటాయి, ఇనప పైపులే వేయించండి" అంటారు. ఈ మూడింటి మధ్య నలిగి, చివరికి ఏది చవకైతే అది కొనేసేవాళ్లు చాలామంది. టైల్స్ వెనక్కి వెళ్లిపోయే పైపును అలా కొనకూడదు. అది లీకైతే పైపు ఖరీదు ఒక వంతు, టైల్స్ పగలగొట్టి మళ్లీ అతికించే ఖర్చు పది వంతులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి నీళ్ల లైన్లకు ప్లాస్టిక్‌ను మించింది లేదు. ఒకసారి టీ తాగి పారేసే కప్పు మీద ఉన్న కోపాన్ని, గోడలో యాభై ఏళ్లు పనిచేసే పైపు మీద చూపించడం సరికాదు. మన దేశంలో వాడే పీవీసీలో ఎక్కువ భాగం పైపులకే పోతోందంటే దానికి కారణం ఉంది. కాకపోతే ప్లాస్టిక్ అంటే ఒకటే సరుకు అనుకోవద్దు. బోరులో దించేది, డాబా మీద వేసేది, గీజర్‌కు పెట్టేది వేర్వేరు ప్లాస్టిక్‌లు. ఒకదాని చోట ఇంకొకటి వేస్తేనే ఇబ్బందులన్నీ.

ముందు చూడాల్సినవి

మొదటిది వేడి. ఆ పైపులో వేడినీళ్లు పారతాయా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే సగం ఎంపిక అయిపోతుంది. మామూలు పీవీసీ పైపులకు వర్తించే ఐఎస్ 4985 అనే భారత ప్రమాణం 45 డిగ్రీల దాకా నీళ్లకే రాసింది. ప్లంబింగ్‌కు వాడే తెల్ల యూపీవీసీ (మెత్తబరిచే పదార్థాలు కలపని గట్టి పీవీసీ) మహా అయితే 60 డిగ్రీలు తట్టుకుంటుంది. గీజర్ నుంచి వచ్చే నీళ్లు ఆ హద్దును సులువుగా దాటేస్తాయి.

రెండోది ప్రెషర్. దీని గురించి ఉన్నంత అపోహ మరి దేని గురించీ లేదు. లెక్క చాలా తేలిక: పది మీటర్ల ఎత్తు నీటికి, అంటే సుమారు 33 అడుగులకు, ఒక కేజీ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు). రెండంతస్తుల ఇంటి పైన ట్యాంకు ఉంటే, కింది కుళాయి దగ్గర వచ్చేది కేజీకి కాస్త అటూ ఇటూ. మార్కెట్లో దొరికే ఏ ఐఎస్ఐ ప్లంబింగ్ పైపుకైనా అదొక లెక్క కాదు. ప్రెషర్ పంపు పెట్టినా రెండు నుంచి నాలుగు కేజీలే. అదే 600 అడుగుల బోరులో అయితే పైపు అడుగున 18 కేజీల ప్రెషర్ ఉంటుంది. కాబట్టి ప్రెషర్ గురించి బెంగపడాల్సింది బోరు దగ్గర; బాత్‌రూమ్ దగ్గర ఆలోచించాల్సింది వేడి గురించి, అతుకుల గురించి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మూడోది మీ నీళ్లు. ఉప్పు నీళ్లు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు లోహపు పైపుకు శత్రువులు. బకెట్ అడుగున, గీజర్ రాడ్ మీద తెల్లగా పొర కట్టే ఊళ్లు మనకు తక్కువేమీ లేవు. ఇవి కాక ఎండ తగులుతుందా, మీ ఊళ్లో ఆ పని బాగా వచ్చిన ప్లంబర్ ఉన్నాడా అన్నవి కూడా చూసుకోవాలి.

| పైపు | చూడ్డానికి | వేడినీళ్లు | అతుకు | సరైన చోటు |
|---|---|---|---|---|
| జీఐ | వెండి రంగు ఇనుము | తట్టుకుంటుంది | థ్రెడ్ (మర) | సోలార్ హీటర్ దగ్గర, దెబ్బలు తగిలే చోట |
| యూపీవీసీ | తెలుపు లేదా బూడిద రంగు | పనికిరాదు | సొల్యూషన్ (అతికించే జిగురు) లేదా థ్రెడ్ | డాబా లైన్లు, చన్నీళ్లు, బోరు |
| సీపీవీసీ | లేత పసుపు | 80 డిగ్రీలు దాటినా ఫరవాలేదు | సీపీవీసీ సొల్యూషన్ | బాత్‌రూమ్, వంటగది, గీజర్ లైన్ |
| పీపీఆర్ (పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్) | ఎక్కువగా ఆకుపచ్చ | తట్టుకుంటుంది | వేడిచేసి అతికించడం | మిషన్, పనివాడు ఉన్న చోట వేడి లైన్లు |
| హెచ్‌డీపీఈ (పాలిథిలిన్ రకం ప్లాస్టిక్) | నలుపు, నీలి గీతలు | పనికిరాదు | వెల్డింగ్ లేదా కంప్రెషన్ ఫిట్టింగ్ | బోరు, భూమిలో లైన్లు |

జీఐ: బలం ఉంది, ఆయుష్షు నీళ్ల చేతిలో ఉంది

ఇనప పైపు మీద జింకు పూత పూస్తే అది జీఐ. బలంలో దీనికి పోటీ లేదు. సుత్తి దెబ్బ తగిలినా, ఎవరైనా ఎక్కి నిలబడినా తట్టుకుంటుంది. బలహీనత అంతా థ్రెడ్‌లో ఉంది. పైపు కోసి థ్రెడ్ వేసేటప్పుడు సరిగ్గా అతుకు పడే చోటే జింకు పూత పోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.

పాత ఇల్లు రిపేరు చేసేటప్పుడు తీసేసిన జీఐ ముక్కను ఎప్పుడైనా అడ్డంగా కోయించి చూడండి. బయట అంగుళం పైపే. లోపల మాత్రం గోధుమ రంగు గడ్డలు, వాటి మీద తెల్లటి సున్నపు పొర, మధ్యలో పెన్సిలు పట్టేంత సందు. "పైన ట్యాంకు నిండుగానే ఉంది, కుళాయిలో ధార రావట్లేదు" అని ఫిర్యాదు చేసే పాత ఇళ్లలో కారణం చాలాసార్లు ఇదే. ప్లాస్టిక్ పైపు లోపల గోడ నున్నగా ఉంటుంది, తుప్పు అనేదే ఉండదు కాబట్టి ఏళ్లు గడిచినా ధార దాదాపు అలాగే ఉంటుంది. ప్లాస్టిక్ మనకిచ్చిన పెద్ద మేలు నా దృష్టిలో ఇదే.

బరువు కూడా తేడానే. అంగుళం జీఐ మీడియం (మధ్యరకం మందం) పైపు ఆరు మీటర్లు 14 కిలోలు దాటుతుంది. అంత పొడవు అంగుళం సీపీవీసీ రెండు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మూడో అంతస్తుకు మోసే మనిషిని అడిగితే ఆ తేడా విలువ తెలుస్తుంది.

అలాగని జీఐకి చోటే లేదనను. సోలార్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లు ట్యాంకు నుంచి బయటికొచ్చే మొదటి రెండు మూడు మీటర్లు జీఐ వేయించండి. ఎండాకాలంలో నాలుగు రోజులు ఊరెళ్లి నీళ్లు వాడకపోతే అవి దాదాపు మరిగే స్థితికి వస్తాయి. ఆ వేడి సీపీవీసీ హద్దును కూడా దాటవచ్చు.

యూపీవీసీ: చన్నీళ్లకు చవకైన, నమ్మకమైన దారి

పీవీసీ కొత్త సరుకేమీ కాదు. 1930ల్లోనే జర్మనీలో నీళ్ల లైన్లకు వేశారు. దీని బరువులో సగానికి పైగా క్లోరిన్, అది ఉప్పు నుంచి వస్తుంది. అందుకే మిగతా ప్లాస్టిక్‌లంత పెట్రోలియం దీనికి అక్కర్లేదు, మంట తీసేస్తే తనంతట తను మండదు కూడా. మన దగ్గరా నంద్యాల, సూర్యాపేట లాంటి చోట్ల పైపుల ఫ్యాక్టరీలు వెలిసి, ఆ కంపెనీల పేర్లు రైతుల ఇళ్లలో రోజూ వినిపించే మాటలయ్యాయి.

సంపు నుంచి పైన ట్యాంకుకు ఎక్కే లైను, ట్యాంకు చుట్టూ తిరిగే లైను, తోటకు, కారు కడగడానికి ఇచ్చే కుళాయిలు, వీటన్నిటికీ షెడ్యూల్ 40 లేదా 80 (గోడ మందాన్ని బట్టి రకాలు, 80 ఎక్కువ మందం) తెల్ల యూపీవీసీ చాలు. డాబా మీద ఎండకు పైపులో నిలబడ్డ నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి కదా అని కొందరు భయపడతారు. అక్కడ ప్రెషర్ చాలా తక్కువ కాబట్టి పైపుకు ప్రమాదం లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మాత్రం ఏళ్ల తరబడి తగిలితే పైపును పెళుసు చేస్తాయి. నీళ్లలో కలిపే తెల్ల ఎక్స్‌టీరియర్ పెయింట్ ఒక కోటు వేస్తే సరిపోతుంది. టర్పెంటైన్ కలిపే ఆయిల్ పెయింట్ వద్దు, ముఖ్యంగా సీపీవీసీ మీద అసలే వద్దు.

పొలాల్లో వాడే బూడిద రంగు పైపులు మిగిలాయి కదా అని ఇంటి గోడల్లో వేయించే అలవాటు పల్లెల్లో ఉంది. వాటిలో 4, 6 కేజీల ప్రెషర్ క్లాసుల పైపులు పలుచగా ఉంటాయి. భూమిలో పూడ్చడానికి అవి బాగానే ఉంటాయి. గోడలో మేకు దిగే చోట, మేస్త్రీ సుత్తి తగిలే చోట నిలబడవు.

సీపీవీసీ: టైల్స్ వెనక ఉండాల్సింది ఇదే

పీవీసీకి మరికొంత క్లోరిన్ ఎక్కిస్తే వచ్చేది సీపీవీసీ. ఆ చిన్న మార్పుతో వేడిని తట్టుకునే శక్తి బాగా పెరుగుతుంది. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ పైపు మందం. ఎస్‌డీఆర్ 11 రకం సీపీవీసీ మామూలు చల్లటి నీళ్లకు 28 కేజీలు, 82 డిగ్రీల వేడినీళ్లకు 7 కేజీల ప్రెషర్ తట్టుకుంటుంది. ఇంట్లో మనకు కావలసిన దానికంటే ఇది చాలా ఎక్కువ. ఎస్‌డీఆర్ 13.5 కొంచెం పలుచన, కొంచెం చవక. కన్సీల్డ్ (గోడలో దాచే) లైన్లకు నేనైతే 11 మాత్రమే వేయించమంటాను. ఒక బాత్‌రూమ్ మొత్తానికి ఈ రెండింటి మధ్య వచ్చే తేడా రెండు టైల్స్ మార్చే కూలికి కూడా రాదు.

ఇక్కడ కొనేవాళ్లకు తెలియని చిక్కు ఒకటుంది. సీపీవీసీ సైజులు రాగి గొట్టాల కొలతలతో వస్తాయి. అర అంగుళం సీపీవీసీ లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్ల పైచిలుకే. అదే అర అంగుళం జీఐలో 16 మిల్లీమీటర్లు. పాత పైపు అర అంగుళం కదా అని అదే సైజు సీపీవీసీ వేస్తే షవర్‌లో ధార తగ్గిపోయి, తప్పు కుళాయి కంపెనీ మీద పడుతుంది. బాత్‌రూమ్ లైను అంతా ముప్పావు అంగుళంతో నడిపించి, కుళాయి దగ్గర మాత్రం ముప్పావు–అర ఇత్తడి థ్రెడ్ ఎల్బో పెట్టించండి. ట్యాంకు నుంచి దిగే మెయిన్ లైను అంగుళంపావుకు తగ్గకుండా చూసుకోండి.

వేడికి సాగడం ఇంకో సంగతి. పది మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఇనుమైతే అర సెంటీమీటరే. గోడలో మలుపులు ఉంటాయి కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు. డక్ట్‌లో (పైపులు దిగే సందులో) నిటారుగా దిగే పొడవైన వేడి లైనుకు మాత్రం క్లాంపులు మరీ బిగించకుండా, మధ్యలో ఒక వంపు పెట్టించాలి.

ఇక అతుకు. సీపీవీసీ లీకైందంటే తొంభై పాళ్లు పని తప్పే అయివుంటుంది. పైపును తిన్నగా కోయాలి, రంపపు పొట్టు, అంచు గరుకు తీసేయాలి, తడి, దుమ్ము లేకుండా తుడవాలి. పైపుకు దండిగా, ఫిట్టింగ్ లోపల పలుచగా సొల్యూషన్ రాయాలి. పావు తిప్పు తిప్పుతూ లోపలికి దూర్చి, అరనిమిషం చేత్తో అలాగే పట్టుకోవాలి. వదిలేస్తే పైపు కొద్దిగా వెనక్కి జారుతుంది, కంటికి తెలియదు. అతుకు చుట్టూ సన్నటి పూసలాగా సొల్యూషన్ కనిపిస్తే పని బాగా జరిగినట్టు. యూపీవీసీ సొల్యూషన్‌తో సీపీవీసీ అతికిస్తున్నాడేమో డబ్బా మీద చదివి చూడండి. ఆ రోజు వరకు పట్టుకున్నట్టే ఉంటుంది, వేడినీళ్లు పడ్డాక వదిలేస్తుంది. ఇత్తడి థ్రెడ్‌లకు పేస్టులు, జనపనార బదులు టెఫ్లాన్ టేప్ వాడించండి. గీజర్‌కు నేరుగా సీపీవీసీ బిగించకుండా మధ్యలో లోహపు కనెక్షన్ పైపు ఉండాలి.

పీపీఆర్

ఆకుపచ్చ పైపు, అతుకు 260 డిగ్రీల దగ్గర కరిగించి వేస్తారు. కరిగి ఒకటైపోయిన అతుకు లీకవడం అరుదు. సొల్యూషన్ వాసన కూడా ఉండదు. కానీ వేడికి సీపీవీసీకి రెట్టింపు పైనే సాగుతుంది, మందం ఎక్కువ కాబట్టి గోడలో గాడి లోతుగా కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పదేళ్ల తర్వాత రిపేరు వస్తే మిషన్ ఉన్న మనిషి దొరకాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో దొరుకుతారు. చిన్న ఊళ్లో ఉన్నవాళ్లకు సీపీవీసీయే మేలు.

హెచ్‌డీపీఈ: బోరుకు నల్ల పైపు

600 అడుగుల బోరులో అంగుళంపావు జీఐ మీడియం దించితే పైపుల బరువే 550 కిలోలు దాటుతుంది. మోటారు కాలిపోతే ముక్కాలు స్టాండు, చైన్ పుల్లీ తెచ్చి, ఒక్కో ఇరవై అడుగుల పైపు విప్పుతూ పైకి లాగాలి. 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ అయితే అదే లోతుకు వంద కిలోల లోపే. మధ్యలో అతుకు లేకుండా ఒకే చుట్ట. పల్లెల్లో నలుగురు కలిసి దాన్ని భుజాల మీద వేసుకుని చేను పొడవునా నడుచుకుంటూ లాగేస్తారు. ఉప్పు నీళ్లకు దీనికి ఏమీ కాదు.

జాగ్రత్త పడాల్సింది క్లాస్ దగ్గర. ముందు చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది: మోటారు దించే లోతును 33తో భాగిస్తే వచ్చే కేజీల కంటే ఎక్కువ క్లాసు పైపు కొనాలి. 300 అడుగులకు 9 వస్తుంది, 10 చాలు అనిపిస్తుంది, 12.5 తీసుకోండి. 600 అడుగులకు 20 క్లాసు కావాలి. మోటారు బరువంతా పైపు మీద వేలాడకుండా మంచి నైలాన్ తాడు విడిగా కట్టించాలి. థ్రెడ్ కప్లింగులతో వచ్చే యూపీవీసీ కాలమ్ పైపులు (బోరులో మోటారుతో దించే గట్టి పైపులు) కూడా ఇళ్ల బోర్లకు బాగుంటాయి. పట్నంలో చుట్ట లాగడానికి స్థలం లేని సందుల్లో అవే సుఖం. మరీ లోతైన బోరు, పెద్ద హెచ్‌పీ మోటారు అయితే బోరు మెకానిక్ జీఐ అంటే కాదనకండి, అక్కడ అతని మాటకు అర్థం ఉంది.

ట్యాంకు, డ్రైనేజీ గురించి రెండు మాటలు

పాలిథిలిన్ ట్యాంకు కొనేటప్పుడు ఐఎస్ 12701 గుర్తు, వెలుతురు లోపలికి రాని నల్లటి పొర ఉందా చూడండి. వెలుతురు వస్తే పాచి పడుతుంది. వెయ్యి లీటర్ల నీళ్లు టన్ను బరువు. ట్యాంకు అడుగు మొత్తం సమతలంగా ఆనాలి. నాలుగు ఇటుకల మీద కూర్చోబెడితే అడుగు చీలుతుంది. డ్రైనేజీకి ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాన నీళ్ల) పైపుల్లో టైప్ ఎ వాన నీళ్లకు, టైప్ బి లెట్రిన్ లైనుకు. షాపులో రెండూ ఒకలాగే కనిపిస్తాయి, రాత చదవాలి. ప్రతి నాలుగు అడుగులకు అంగుళం వాలు ఉండాలి.

మీది ఏ పరిస్థితి?

సొంతంగా ఉండడానికి కట్టుకునే ఇల్లయితే గోడల్లో మొత్తం సీపీవీసీ ఎస్‌డీఆర్ 11, చన్నీళ్ల లైను కూడా అదే. గోడలో రెండు రకాలు ఉంటే రేపు రిపేరు చేసేవాడు తికమకపడతాడు. డాబా మీద, బయట యూపీవీసీ.

అద్దెకిచ్చే పోర్షన్లలో బడ్జెట్ గట్టిగా ఉంటే, చన్నీళ్లు మాత్రమే వచ్చే వాష్ ఏరియా, లెట్రిన్ ఫ్లష్ లైన్లకు యూపీవీసీతో ఆదా చేయండి. బాత్‌రూమ్‌లో మాత్రం చేయొద్దు. ఈరోజు గీజర్ లేకపోయినా, రేపు వచ్చే అద్దెవాళ్లు పెట్టుకుంటారు.

పాత అపార్ట్‌మెంట్‌లో జీఐ లైన్లు మారుస్తున్నవాళ్లు సగం జీఐ ఉంచి సగం ప్లాస్టిక్ కలపడం దండగ. మిగిలిన జీఐ నుంచి తుప్పు పెచ్చులు వచ్చి కొత్త కుళాయిల జాలీలు మూసుకుపోతాయి. డక్ట్‌లోని మెయిన్ లైను మార్చడానికి మిగతా ఫ్లాట్ల వాళ్లను ఒప్పించడం కష్టమే, అయినా ఆ పని ముందు కావాలి. కుదరకపోతే ఫ్లాట్ మొదట్లో ఒక వై-స్ట్రైనర్ (చెత్తను ఆపే జాలీ) పెట్టించుకోండి.

కొనేటప్పుడు, గోడ మూసేముందు

పైపు మీద ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం నంబరు, క్లాసు, తయారైన తేదీ ముద్రించి ఉంటాయి. సీపీవీసీకి ఐఎస్ 15778, హెచ్‌డీపీఈకి ఐఎస్ 4984. పీవీసీ పైపుల తయారీలో ఒకప్పుడు సీసం కలిసిన స్టెబిలైజర్లు (వేడికి చెడకుండా కలిపే పదార్థాలు) వాడేవారు. వాటిని తొలగించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నిబంధనలు తెచ్చింది. తాగే నీళ్ల లైనుకు పాత స్టాకు, పేరు లేని పైపు తీసుకోకండి. షాపు బయట ఎండలో నెలల తరబడి పడి ఉన్న కట్ట కూడా వద్దు.

పని అయ్యాక మిగిలిన ముక్కలను సైటులోనే తగలబెట్టే అలవాటు మానిపించండి. పీవీసీ కాలితే యాసిడ్ పొగ, డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి. ముక్కలు స్క్రాప్ వాళ్లు తీసుకుంటారు.

చివరి అతుకు ఆరడానికి ఒక రోజు వదిలి, హైడ్రో టెస్ట్ పంపుతో 10 కేజీల ప్రెషర్ ఎక్కించి గంటసేపు చూడండి. పంపు మీటరు ముల్లు కదలకూడదు. ప్లంబర్ "ట్యాంకు నీళ్లతో చూశాం కదా సార్" అంటే ఒప్పుకోకండి, ఆ కేజీ ప్రెషర్‌కు చెడ్డ అతుకు కూడా నిలబడుతుంది. టెస్ట్ అయ్యాక ప్రతి గోడకూ టేపు పట్టి, నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు ఉందో కనిపించేలా ఫోన్‌లో ఫొటోలు తీసి, ఇంట్లో ఇద్దరికి పంపి ఉంచండి. గీజర్ బ్రాకెట్‌కో, టవల్ రాడ్‌కో డ్రిల్లింగ్ మిషన్ పెట్టే రోజు అవి కావాలి.